అత్తగారికో స్విచ్చు

ఆ రోజు పొద్దున్న ఆరింటికే ఇల్లాలు వంటింటి గుమ్మంలో నిలబడి ఎవరి పని వాళ్లకు అప్పజెప్పేసింది. బళ్లో పరీక్షల డ్యూటీ ఉంది కాబట్టి తను ఏడున్నరకు వెళ్లిపోతుంది. తన తల్లిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లే పని భర్తది. ఎనిమిదింటికి బయల్దేరితే తొమ్మిదింటికల్లా అక్కడ పేరు రాయించుకోవచ్చు. పదింటికి డాక్టరమ్మ వస్తుంది. ఆవిడ వచ్చేలోపు పేరు రాయించుకుని, రక్తపోటు సరిగ్గా ఉన్నవాళ్లకే ఆ రోజు ఆపరేషన్. మిగిలినవాళ్లు మూడు నెలలు ఆగాలి. డ్యూటీ అవగానే తను నేరుగా ఆసుపత్రికి వచ్చేస్తుంది.

వినడానికి ఇందులో కష్టమేమీ కనిపించదు. కాకపోతే ఇది మూడోసారి. మొదటిసారి ఆటోలో వెళ్లారు. దారిలో ఆటో అతను ఇంకో ఆటో అతనితో పెట్టుకున్న తగాదా వినేసరికి అత్తగారి రక్తపోటు ఆకాశాన్నంటింది. రెండోసారి బస్సులో వెళ్లారు. ఆ రద్దీలో కాయితాల సంచీ ఎక్కడ జారిపోతుందోనని ఆవిడ పడ్డ ఆదుర్దాకు, నర్సు చేతికి పట్టీ చుట్టకముందే తల అడ్డంగా ఊపింది. ఈసారి మనిషిని ప్రశాంతంగా తీసుకురమ్మని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది.

అత్తగారిది చిరిగిన బట్టను ఆనవాలు తెలియకుండా దారంతో అల్లే పని. ఎలుక కొట్టిన కోటైనా, నిప్పురవ్వ పడిన పట్టు బట్టైనా ఆవిడ చేతిలో పడ్డాక ఎక్కడ చిరిగిందో సొంతదారుకే తెలిసేది కాదు. ఎడమ కన్ను చిన్నప్పటినుంచీ అంతంతమాత్రమే. పనంతా కుడికంటితోనే. ఆ కంట్లో శుక్లం ముదిరి, ఈమధ్య నీలం దారమేదో నల్ల దారమేదో కూతురిని అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది. పోయిన నెలలో ఒక కోటు వెనక్కి వచ్చింది. నలభై ఏళ్లలో ఆవిడ కుట్టింది వెనక్కి రావడం అదే మొదలు. ఆ కోటును ఒళ్లో పెట్టుకుని పొద్దుగూకేదాకా కిటికీ దగ్గరే కూర్చుంది. అటూ ఇటూ తిరుగుతూ ఆ కూర్చోవడం చూసిన అల్లుడికి రెండు ముద్దలు కూడా లోపలికి దిగలేదు.

అల్లుడు ఇళ్లకు వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్. రోజూ పనికి వెళ్లేముందు ఇరవై సూదుల్లో దారం ఎక్కించి ఆవిడ మెత్తకు గుచ్చి వెళ్తాడు. ఆవిడ ఆ సూదులు వాడుకుంటుంది. దీన్ని గురించి ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు. ఆ మాటకొస్తే దేన్ని గురించీ మాట్లాడుకోలేదు. ఏడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నా ఒకరంటే ఒకరికి ఉన్న మర్యాద అలాంటిది. "అల్లుడుగారికి ఇంకాస్త అన్నం కావాలేమో చూడమ్మా" అని, ఎదురుగా కంచం ముందున్న మనిషి గురించి ఆవిడ కూతురితో అంటుంది. "అత్తయ్యగారిని గొడుగు తీసుకెళ్లమను" అని, పక్కనే చెప్పులు తొడుక్కుంటున్న మనిషి గురించి అతను భార్యతో అంటాడు. మధ్యలో ఇల్లాలు ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోస్తూ ఉంటుంది.

ఈసారి బండిమీద తీసుకెళ్తానని అల్లుడే ముందుకొచ్చాడు. బండి అంటే అతను పాతది కొనుక్కున్న మోటార్‌సైకిల్. ఇంజను చల్లబడటానికి దానికి ముందువైపు నీళ్ల రేడియేటర్ ఉంది కానీ ఫ్యాను లేదు. బండి పరిగెడుతున్నంతసేపూ గాలి తగిలి నీళ్లు చల్లగా ఉంటాయి, ఆగితే కాగుతాయి. ఆసుపత్రి దారిలో ఆరు సిగ్నళ్లు, ఒక రైలు గేటు ఉన్నాయి. "మూడో సిగ్నల్ దగ్గరే బుసకొడుతుంది మీ బండి. దానిమీద మా అమ్మనెక్కిస్తారా?" అంది ఇల్లాలు. ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆదివారం పొద్దున్నే పాత సామాన్ల దుకాణానికి వెళ్లి అరచెయ్యంత ఫ్యాను ఒకటి ఏరి తెచ్చాడు. దాన్ని రేడియేటర్ వెనక బిగించి, బ్యాటరీనుంచి తీగ లాగి, హ్యాండిల్ మీద బొటనవేలికి అందేచోట స్విచ్చు పెట్టాడు. బండి ఆగినప్పుడు వేసుకోవాలి, కదిలాక ఆపుకోవాలి. పని శుభ్రంగా కుదిరింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. సిగ్నల్ దగ్గర హడావిడిలో తను మర్చిపోతే ఎలా? ఇళ్లల్లో మెట్లకు కింద ఒక స్విచ్చూ పైన ఒక స్విచ్చూ పెడతారు. ఎక్కేవాడు కింద వేసి పైన ఆపుకుంటాడు, దిగేవాడు పైన వేసి కింద ఆపుకుంటాడు. ఏది నొక్కినా సరే, ఆరిపోయి ఉంటే వెలుగుతుంది, వెలుగుతూ ఉంటే ఆరిపోతుంది. ఇరవై ఏళ్లుగా ఎన్ని మేడమెట్లకో అతను ఆ వైరింగ్ చేశాడు. అదే పద్ధతిలో రెండో స్విచ్చును వెనక సీటు కింద, పక్కకు తిరిగి కూర్చునే అత్తగారి చేతికి అందేలా బిగించాడు. మెట్లమీది మనిషి తలెత్తితే బల్బు కనిపిస్తుందనీ, బండిమీది మనుషులకు ఫ్యాను కనిపించదనీ, రోడ్డు రొదలో వినిపించను కూడా వినిపించదనీ ఆ క్షణంలో అతనికి తట్టలేదు. స్విచ్చుల్లో చిన్న ఎర్రదీపాలైతే ఉన్నాయి. అవి ఇంటి కరెంటుకే తప్ప బండి బ్యాటరీకి వెలిగేవి కావు. దీపం లేకపోతే మాత్రం ఫ్యాను తిరగదా ఏమిటి అనుకున్నాడు.

సాయంత్రం ఇల్లాలు వెనక కూర్చుని, ఒకసారి నొక్కి, మళ్లీ నొక్కి చూసి తృప్తిపడింది. తర్వాత తల్లిని పిలిచి విడిగా పాఠం చెప్పింది. బండి ఆగగానే ఈ స్విచ్చు నొక్కాలి, కదలగానే మళ్లీ నొక్కాలి, ఆయన్ని మాత్రం ఏమీ అడగకూడదు, అడిగితే కంగారుపడి ఎవరినో గుద్దేస్తారు. భర్తకు ఇంకో పాఠం చెప్పింది. అమ్మ దగ్గర వేడి అనీ ఫ్యాను అనీ ఒక్కమాట ఎత్తకూడదు, ఈసారి బీపీ పెరిగిందంటే బాధ్యత ఆయనదే. వెనక స్విచ్చు పని ఇవాళ్టినుంచి అమ్మదేనని భర్తకు చెప్పడం ఆవిడ మర్చిపోయింది. తను మర్చిపోతే తప్ప అత్తగారు దాని జోలికి రారని అల్లుడు అనుకున్నాడు. స్విచ్చు మొత్తం తన చేతిలోనే ఉందని అత్తగారు అనుకుంది.

అత్తగారికి పడుకోబోయేముందు ఇంట్లో స్విచ్చులన్నీ చూసుకోవడం అలవాటు. ఆ ఆదివారం కూడా అన్నీ చూసుకుని, మెట్లకింద ఉన్న బండి దగ్గరికీ వచ్చి తడిమింది. స్విచ్చు కిందికి నొక్కి ఉన్నట్టు తగిలింది. అమ్మాయి వేసి మర్చిపోయిందనుకుని పైకి నొక్కి, నిశ్చింతగా వెళ్లి పడుకుంది. ఆగివున్న ఫ్యాను ఆ నొక్కుతో, పక్కింటి టీవీ మోతలో ఆవిడకు వినిపించకుండా, తిరగడం మొదలుపెట్టి, పొద్దున్న బ్యాటరీ చచ్చేదాకా తిరిగింది.

ఇల్లాలు బడికి వెళ్లిపోయాక, ఎనిమిదింటికి అల్లుడు బండి తీస్తే దానిలో చలనం లేదు. ఎదురుగా బట్టలు ఇస్త్రీ చేసే ఆయన వచ్చి వెనకనుంచి తోస్తే, వీధి రెండు చివరలూ నాలుగుసార్లు తిరిగాక ఇంజను అందుకుంది. అందుకోగానే రేడియేటర్ వెనక ఫ్యాను గిర్రున తిరిగింది. తనే నిన్న ఆపకుండా వదిలేశానని అల్లుడు నాలుక్కరుచుకుని, స్విచ్చు నొక్కి ఆపాడు. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది. తను ఆపేసి పడుకున్నాక అల్లుడుగారు మళ్లీ వేసి మర్చిపోయినట్టున్నారు పాపం అనుకుంది. కూతురి ఆజ్ఞ గుర్తొచ్చి కిక్కురుమనలేదు. అతనూ నోరు మెదపలేదు. ఎనిమిదిన్నరకు బయల్దేరారు.

మొదటి సిగ్నల్ దగ్గర బండి ఆగింది. అల్లుడు బొటనవేలితో స్విచ్చు నొక్కాడు. ఫ్యాను తిరిగింది. వెంటనే వెనక అత్తగారు శ్రద్ధగా తన స్విచ్చు నొక్కింది. ఫ్యాను ఆగింది. పచ్చదీపం పడి బండి కదిలాక అల్లుడు ఆపుతున్నాననుకుని నొక్కాడు, ఫ్యాను తిరిగింది. ఆవిడా ఆపుతున్నాననుకుని నొక్కింది, ఆగిపోయింది. రెండో సిగ్నల్ దగ్గరా ఇదే వరస. ఇద్దరూ ఎవరి పని వాళ్లు తు.చ. తప్పకుండా చేస్తున్నారు.

మూడో సిగ్నల్ దాటేసరికి వేడి చూపే ముల్లు సగం దాటింది. ఫ్యానుకు బలం చాలడం లేదేమోనని అల్లుడికి అనుమానం వచ్చింది. స్విచ్చు సరిగ్గా పడలేదేమోనని ఇంకోసారి నొక్కాడు. అదే సమయానికి కాళ్లకు సెగ తగిలి, తన స్విచ్చూ సరిగ్గా పడలేదేమోనని అత్తగారు ఇంకోసారి నొక్కింది. రైలు గేటు దగ్గర పావుగంట ఆగాల్సి వచ్చింది. గూడ్సు బండి తీరిగ్గా పోతోంది. ఆ పావుగంటలో ఇద్దరి వేళ్లకూ తీరిక లేదు. ఫ్యాను ఎన్నిసార్లు తిరిగిందో, ఎన్నిసార్లు తిరగబోయి మానుకుందో చెప్పడం కష్టం.

ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. వెనక స్విచ్చు ముట్టుకున్నారేమో ఒక్కసారి అడిగితే బాగుండునని అల్లుడికి నాలుకచివరిదాకా వచ్చింది. "అత్తయ్యగారు ఏమైనా నొక్కుతున్నారేమో అడుగు" అనాలి. అడగమని చెప్పడానికి మధ్యలో మనిషి లేదు. పైగా భార్య పెట్టిన ఆంక్ష ఉంది. చివరికి గొంతు సవరించుకుని, మెడ సగం తిప్పి, "కూర్చోవడానికి బాగానే ఉందా అండీ?" అన్నాడు.

"బాగానే ఉందండీ" అంది అత్తగారు. ఆవిడ ఎడమ చెప్పు అడుగు అప్పటికి పొయ్యిమీద పెట్టినట్టు కాలుతోంది.

అయిదో సిగ్నల్ దగ్గర, సరిగ్గా నాలుగు రోడ్ల మధ్యలో, బండి బుస్సుమంది. ముందునుంచి తెల్లటి ఆవిరి లేచి ఇద్దరినీ కమ్మేసింది. అత్తగారు సంచీతో సహా దిగి పక్కకు తప్పుకుంది. పక్కనున్న బస్సులో ఎవరో నిప్పు అని కేకపెట్టారు. కండక్టరు రెండు తలుపులూ తెరిచి జనాన్ని దింపేశాడు. మూలనున్న అద్దాల దుకాణంలోంచి ఒకాయన మంటలార్పే ఎర్రటి సిలిండరు పట్టుకొచ్చి, మంట ఎక్కడుందో వెతకడం దండగనుకుని బండి మొత్తం మీదా తెల్లపొడి చల్లేశాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ ముందు జాగ్రత్తగా నాలుగు వైపులా బళ్లు ఆపేశాడు. ఆపిన బళ్లలో ఒక వ్యాను వెనక్కి తిరగబోయి రోడ్డుకు అడ్డంగా ఇరుక్కుంది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి ఇరుక్కున్నాయి. కాసేపటికి ఎవరూ ఎటూ కదలలేని స్థితి వచ్చింది.

కానిస్టేబుల్ పుస్తకం తీసి, ఏం జరిగిందో చెప్పమన్నాడు. తలనుంచి కాళ్లదాకా తెల్లపొడిలో ఉన్న అల్లుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. సొంతంగా ఫ్యాను పెట్టుకున్నానన్నాడు, మెట్లకు పెట్టినట్టు రెండు స్విచ్చులు పెట్టానన్నాడు, ఎందుకు ఇలా అయిందో తనకే అంతుబట్టడం లేదన్నాడు. కానిస్టేబుల్ అంతా రాసుకుని, బండి పక్కకు పెట్టించి, సాయంత్రం వచ్చి తీసుకెళ్లమని తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అప్పటికి పదికి పది నిమిషాలుంది. ఆసుపత్రికి ఇంకా రెండు కిలోమీటర్లుంది. ఆటోలన్నీ ఆ చిక్కుముడిలోనే ఉన్నాయి.

అత్తగారు ఒక దుకాణం అరుగుమీద కూర్చుని ఉంది. ఒళ్లో కాయితాల సంచీ. అల్లుడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మళ్లీ మూడు నెలలు. అంతవరకూ ఆ కిటికీ దగ్గర ఊరికే కూర్చోవాలి ఆవిడ. అతనికి ఏడుపొక్కటే తక్కువ. మధ్యలో మనిషి లేకపోయినా సరే, ఇక మాట్లాడక తప్పలేదు.

"క్షమించండి అత్తయ్యగారూ. ఈసారి నావల్లే పోయింది."

"మీవల్ల కాదండీ. తప్పు నాదే. నేను సరిగ్గా నొక్కలేదు."

"ఏది నొక్కలేదండీ?"

"స్విచ్చు. ఆగినప్పుడల్లా నొక్కమంది అమ్మాయి, కదిలితే మళ్లీ నొక్కమంది. ఒక్కచోట కూడా మానలేదు నేను. నా చూపు సరిగ్గా లేక ఎక్కడో తప్పు నొక్కి ఉంటాను."

అల్లుడు అరుగుమీద ఆవిడకు కాస్త ఎడంగా కూర్చుని, తనూ ప్రతిచోటా నొక్కానని చెప్పాడు. మెట్ల స్విచ్చు సంగతీ వివరంగా చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా వింది.

"అంటే మీరు వేసిన ఫ్యానును నేను ఆపుతూ వచ్చానా?"

"అవునండీ."

"నిన్న రాత్రి నేను ఆపేసి పడుకున్నాననుకున్నది?"

"అది మీరు వేసి పడుకున్నారండీ" అన్నాడు అల్లుడు, వీలైనంత మెల్లగా.

అత్తగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని అల్లుడు మంచినీళ్లకోసం లేవబోయాడు. తీరా చూస్తే ఆవిడ నవ్వుతోంది. ఇస్త్రీ ఆయన తోసినప్పుడు తను ఎంత జాలిపడ్డానో చెబుతూ, చెప్పలేక మళ్లీ నవ్వుతోంది. ఏడేళ్లలో ఆవిడ నవ్వు అతను విన్నది అదే మొదటిసారి. ఆ నవ్వు చూసి అతనికీ నవ్వొచ్చింది. నెత్తిన తెల్లపొడితో ఒకడు, చేతిలో ఆసుపత్రి సంచీతో ఒకావిడ అలా పగలబడి నవ్వుతుంటే జనం కాస్త దూరం జరిగారు.

ఎలాగూ పోయింది కదా, నడిచి వెళ్లి తర్వాతి తారీఖైనా తెచ్చుకుందామంది అత్తగారు. నడిచారు. దారిపొడుగునా మాట్లాడుకున్నారు. సూదుల్లో దారం ఎక్కించేది అతనే అని ఆవిడకు మొదటిరోజునుంచీ తెలుసట. కాకపోతే నల్లదారం మరీ ఎక్కువ ఎక్కిస్తాడట, తెల్లదారం చాలక రోజూ ఇబ్బందేనట. అమ్మాయితో చెప్పి పంపాల్సింది కదా అన్నాడు అల్లుడు. "ఎక్కించి పెట్టేవాళ్లకు వంకలు పెడితే బాగుంటుందాండీ?" అంది ఆవిడ.

ఆసుపత్రి మెట్లెక్కేసరికి పదిన్నర దాటింది. తర్వాతి తారీఖు అడగబోతున్న అల్లుడిని ఆపి, బల్లదగ్గర కూర్చున్న అమ్మాయి పేరు రాసుకోవడానికి కలం తీసింది.

"కంగారుపడకండి, డాక్టరమ్మ ఇంకా రాలేదు. నాలుగు రోడ్ల దగ్గర ఎవరో బండి తగలబెట్టుకున్నాడట. అన్ని వైపులా బళ్లు ఆగిపోయాయట. ఆవిడ కారు అక్కడే ఇరుక్కుంది. మీరూ అటే వచ్చారా? చూశారా?"

అల్లుడు గోడమీద పైనుంచి కిందికి చిన్నవైపోయే అక్షరాల పటాన్ని చదవడం మొదలుపెట్టాడు. అత్తగారు తొణకలేదు.

"చూశామమ్మా. చాలా పొగొచ్చింది" అంది.

నర్సు పట్టీ పట్టుకుని వచ్చి, మనిషిని గుర్తుపట్టి, ముందే నిట్టూర్చింది. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముల్లు చూసి కనుబొమలు ముడిచింది. ఇంకోసారి కొట్టింది. రెండుసార్లూ నూట ముప్ఫై, ఎనభై. అంత నిక్షేపమైన రక్తపోటు ఆవిడకు ఉండే అవకాశమే లేదని నర్సు నమ్మకం. మిషన్ పాడైందేమో ఇంకొకరికి పెట్టి చూద్దామంటూ, పక్కన ఖాళీగా కనిపించిన అల్లుడి చేతికి చుట్టింది.

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ లోపలికి వచ్చింది. వస్తూనే దారిలో పడ్డ కష్టమంతా చెప్పుకుంది. ఆవిడ కారు అద్దం దించి కానిస్టేబుల్‌ని అడిగిందట. ఎవడో ఎలక్ట్రీషియనట, ఇంజనుకు సొంతంగా ఫ్యాను పెట్టుకున్నాడట, దానికి మేడమెట్ల స్విచ్చులట. "అంతటి మేధావిని ఒక్కసారి కళ్లారా చూడాలని ఉంది" అంది. నెత్తినిండా తెల్లపొడితో ఆవిడకు మూడడుగుల దూరంలో కూర్చున్న అల్లుడు ఊపిరి బిగబట్టాడు. నర్సు ముల్లువైపు చూసి, మిషన్ బాగానే పనిచేస్తోందని చెప్పింది. నూట తొంభై, నూట పది.

తర్వాత జరిగిందంతా చకచకా జరిగిపోయింది. డాక్టరమ్మ రెండు చీటీలూ చూసి, పెద్దావిడను ఆపరేషన్‌కు సిద్ధం చేయమంది. అల్లుడిని మాత్రం అక్కడే మంచంమీద పడుకోబెట్టి, తను చెప్పేదాకా లేవనివ్వొద్దని పక్కగదిలోని డాక్టరును పిలిపించింది. తనకేమీ లేదనీ, అత్తయ్యగారి దగ్గర ఉండాలనీ అతను లేవబోయాడు. చక్రాల కుర్చీ వద్దని తన కాళ్లమీద తనే థియేటర్‌కు నడుస్తున్న అత్తగారు వెనక్కి వచ్చి, ఏడేళ్ల మర్యాదనూ పక్కనపెట్టి, అతని భుజంమీద చెయ్యేసి మళ్లీ పడుకోబెట్టింది.

"కదలకండి అల్లుడుగారూ. నేనిప్పుడే వచ్చేస్తాను" అంది.

అరగంటలో వచ్చేసింది కూడా. ఆపరేషన్ చక్కగా జరిగింది. రేపు కట్టు విప్పుతామని, వారంలో సూదిలో దారం మీరే ఎక్కించుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడను అల్లుడి పక్కమంచంమీదే పడుకోబెట్టారు. మందు ఇచ్చారు కాబట్టి మాట్లాడకుండా విశ్రాంతి తీసుకోమని నర్సు ఇద్దరికీ చెప్పింది. ఆ మాట ఇద్దరిలో ఎవరూ వినలేదు.

ఒంటిగంటకు ఇల్లాలు పరుగుపరుగున వార్డులోకి వచ్చేసరికి, కంటికి కట్టుతో తల్లీ, చేతికి పట్టీతో భర్తా పక్కపక్క మంచాలమీద పడుకుని, రేపటినుంచి ఇంట్లో ఏ స్విచ్చు ఎవరు ఆపాలో పంచుకుంటున్నారు. ఇద్దరూ ఆవిడను చూశారు, చెయ్యి ఊపారు, మళ్లీ మాటల్లో పడ్డారు. ఇల్లాలు గుమ్మంలోనే కాసేపు నిలబడి, ముందు ఎవరిని పలకరించాలో తేల్చుకోలేక, నర్సును పలకరించింది.